బడి మాన్పించే ముందు

పిల్లల్ని బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివించుకోవచ్చా అని ఒడిశాలోని రాయగడ, బరంపురం, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, క్లుప్తం చేసి, పేర్లు లేకుండా ఇస్తున్నాం.

ప్రశ్న: మాకు ఇద్దరు. పాప అయిదులో, బాబు రెండులో. ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడి. ఫీజు కాక ట్యూషన్‌కి వేరే. ఇంత పోసినా బాబుకి తెలుగు రాదు, ఒడియా రాదు, ఇంగ్లిష్ అంతా బట్టీ. నేను డిగ్రీ చదివాను, ఇంట్లోనే ఉంటాను. మా ఆయనది మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఇద్దరినీ మాన్పించి నేనే చెప్పుకుందామని ఉంది. అత్తగారు ససేమిరా అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? (ఒక తల్లి, రాయగడ)

జవాబు: మాన్పించడం సంగతి తర్వాత. ముందు ఇద్దరికీ నిజంగా ఎంత వచ్చో చూడండి, పది నిమిషాల పని. ప్రథమ్ సంస్థవాళ్లు ఊళ్లలో చేసే అసర్ సర్వే కొలత ఇంట్లోనూ పనికొస్తుంది. చదవడంలో నాలుగు మెట్లు: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. లెక్కల్లో పైమెట్లు రెండు: అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఇచ్చే పేజీ పిల్లలు ఎన్నడూ చూడనిదై ఉండాలి. బడి పుస్తకంలోదైతే కంఠతా అప్పజెప్పేసి మిమ్మల్ని మురిపిస్తారు.

మార్కులు వేయకండి, తప్పు ఎలా వచ్చిందో చూడండి. 52లోంచి 27 తీసేయమంటే బాబు 35 అన్నాడనుకోండి. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేశాడన్నమాట. పదులూ ఒకట్లూ వాడికి ఇంకా పట్టుబడలేదు. చీపురు పుల్లలు పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టి, పక్కన విడిగా రెండు పెట్టండి. ఒక కట్ట వాడి చేతే విప్పించండి. విడి పుల్లలు పన్నెండయ్యాయి, ఇప్పుడు ఏడు తీయొచ్చు. ఓ వారం పుల్లలతోనే చేయించి ఆ తర్వాతే పలక మీదికి రండి. పాప 612ని 3తో భాగించి 24 అని రాస్తే అదీ ఇదే లోపం, మధ్యలో సున్నా మింగేసింది. ఇంటి చదువు చాలాచోట్ల మొదటి నెలలోనే ఇక్కడ తప్పుతుంది. పిల్ల అయిదో తరగతి కదా అని అయిదో తరగతి పుస్తకం తెరుస్తారు. లోటు రెండో తరగతిలో ఉంటుంది.

తర్వాత, వేసవి సెలవుల్లో నాలుగు వారాలు నడిపి చూడండి. ఆదివారాలు పోను ఇరవై నాలుగు రోజులు. కూర్చున్న రోజు క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి. కూర్చోని రోజు ఎందుకు కుదరలేదో అక్కడే ఒక్క మాట రాయండి: పెళ్లి, జ్వరం, చుట్టాలు, తగువు, ఏదైతే అది. ఇరవై టిక్కులు పడకపోతే ఏడాది పొడుగునా సాగడం కష్టమని మా అభిప్రాయం. మీ డిగ్రీ సంగతి ఆలోచించకండి. అయిదో తరగతి వరకూ చెప్పడానికి డిగ్రీ కన్నా రోజూ ఒకే వేళకు, ఫోను పక్కన పెట్టి కూర్చోగలగడం ముఖ్యం.

ఎంతసేపు? రెండో తరగతి పిల్లవాడికి గంటన్నర, పాపకి రెండున్నర గంటలు సరిపోతాయి. బడిలో ఆరు గంటలుంటారు కదా అని ఇంట్లో కూడా ఎనిమిది పీరియడ్లు వేసి, గంట కొట్టి, డైరీలు రాయించేవాళ్లున్నారు. రెండో వారానికల్లా తల్లీ పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూడలేని స్థితికి వస్తారు. అలా చేయకండి. ఒకరు పైకి చదువుతుంటే రెండోవారు రాత పని, అరగంటకోసారి తారుమారు. ఇద్దరికీ ఒకేసారి కొత్త పాఠం మొదలుపెడితే మాత్రం ఎవరికీ అందదు.

మీ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పొద్దుట పడుకోవాలి. రెండు గదుల ఇంట్లో ఆ వేళ ఎక్కాలు గట్టిగా చెప్పించలేరు. డ్యూటీ మారినప్పుడల్లా చదువు వేళ మార్చినా అలవాటు నిలవదు. అందుకని రాత పనినీ లెక్కల్నీ పొద్దుటికి, పైకి చదివే పనిని సాయంత్రం నాలుగు తర్వాతకి కట్టేసుకోండి, షిఫ్టు ఏదైనా సరే. అత్తగారికి ఆ సాయంత్రం పని అప్పగించండి. వాడు చదువుతుంటే విని, అర్థం కాకపోతే "మళ్లీ చదువు" అనడమే ఆవిడ పని. అక్షరం రాని పెద్దవాళ్లు కూడా బాగా చేసే పని ఇది, ఎందుకంటే అర్థం కాకుండా గబగబా చదివేస్తే వాళ్లు ఊరుకోరు.

మీకు మా సలహా సూటిగా: పాపని ఈ ఏడు కదపకండి. నవోదయ ఆరో తరగతి పరీక్ష రాయాలంటే అదే జిల్లాలో గుర్తింపు ఉన్న బడిలో అయిదు చదువుతూ ఉండాలి. ఆ సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులవి, వాటికి 3, 4, 5 తరగతులు పల్లె బడుల్లోనే చదివి ఉండాలి. ఇంట్లో కూర్చున్న ఏడాది ఆ లెక్కలోకి రాదు. బాబు విషయంలో ముందు మాన్పించాల్సింది ట్యూషన్. ఆ గంట మీరు తీసుకోండి. రెండో తరగతి లోటు తీరడానికి ఆ గంట చాలు. ఆర్నెల్లయ్యాక కూడా వాడు బడి వల్ల చెడుతున్నాడనే మీకు అనిపిస్తే అప్పుడు బడి మార్చడమో, ఇంటి చదువో ఆలోచించవచ్చు. తొందరపడితే పోయేదేమిటో కింది ఉత్తరాల్లో చూడండి.

ప్రశ్న: బడికి పంపకపోతే కేసు పెడతారా? ఎక్కడైనా అనుమతి తీసుకోవాలా? పేరు బడిలోనే ఉంచి ఇంట్లో చదివించవచ్చని ఒకరు చెప్పారు. (బరంపురం నుంచి ముగ్గురు)

జవాబు: విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య. అందులో నిర్బంధం ప్రధానంగా ప్రభుత్వం మీద. పదో సెక్షన్ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది గాని, చేర్పించకపోతే జరిమానా, జైలు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అలాగని ఇంటి చదువుకు చట్టం ఒక దారి వేసి పెట్టిందనీ కాదు. రిజిస్ట్రేషన్ లేదు, అనుమతి పత్రం లేదు. "హోమ్ స్కూలింగ్ పర్మిషన్" ఇప్పిస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి.

జరిగేదేమిటంటే, బడి బయట ఉన్న పిల్లల లెక్కలు తీసేటప్పుడు క్లస్టర్ (చుట్టుపక్కల బడుల సముదాయం) నుంచి ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారు. వాళ్ల ఉద్యోగం అది, దెబ్బలాడకండి. పిల్ల నోటుపుస్తకాలు, తేదీలు వేసిన రాత పని చూపించండి. అందుకైనా సరే వారానికొక పేజీ తేదీతో దాచుకుంటూ రండి. రేపు తిరిగి బడిలో చేర్చేటప్పుడు కూడా ఆ పేజీలే మాట్లాడతాయి.

తిరిగి చేరడం గురించి భయపడకండి. నాలుగో సెక్షన్ ప్రకారం మధ్యలో చదువు ఆగిన పిల్లని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందనో, వయసు రుజువు లేదనో కాదనకూడదు. ప్రభుత్వ బడిలో ఇది మామూలుగానే జరిగిపోతుంది. ప్రైవేటు బడులు పై తరగతుల్లో "సీట్లు లేవు" అని మర్యాదగా తప్పుకుంటాయి. అయిదులోపు మాన్పించి ఆరులో చేర్చడం తేలిక. ఏడు, ఎనిమిదిలో మాన్పించి తొమ్మిదిలో చేర్చడం అంత తేలిక కాదు. తొమ్మిది నుంచి బోర్డు రిజిస్ట్రేషన్లు మొదలవుతాయి.

మాన్పించాలని తేల్చుకుంటే టీసీ, కిందటి తరగతి మార్కుల కాగితం, యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ రికార్డు) పిల్లకి ఉండే శాశ్వత సంఖ్య, అంటే పెన్ నంబరు, మూడూ చేతికి తెచ్చుకోండి. బడి వదిలిన పిల్లల వివరాలు యూడైస్‌లో డ్రాప్‌బాక్స్ అనే చోట ఉంటాయి. కొత్త బడివాళ్లు ఆ నంబరుతో లాక్కుంటారు. నంబరు లేకపోతే పిల్ల పేరు మీద కొత్త రికార్డు పుడుతుంది. రెండు రికార్డులు ఒకటి చేయించడానికి మీ చెప్పులరుగుతాయి.

పేరు రిజిస్టర్‌లో, పిల్ల ఇంట్లో అన్న పద్ధతి వద్దు. రోజూ హాజరు వేసేవాడు తప్పుడు రాత రాస్తున్నాడు, అందులో మీరూ భాగస్థులవుతారు. పదో తరగతికి వచ్చాక 75 శాతం హాజరు నిబంధన దగ్గర సీబీఎస్‌ఈ బడులు పట్టుబడ్డప్పుడు నష్టపోయేది పిల్లే. పేరు తీయిస్తే మధ్యాహ్న భోజనం, ఉచిత పుస్తకాలు, యూనిఫాం, ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ పోతాయి. వాటి మీద ఆధారపడిన ఇంట్లో ఇది చిన్న లెక్క కాదు.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లిష్. ఇంట్లో చదివిస్తే ఏ భాషలో చదివించాలి? ఒడియా వదిలేసి తెలుగు, ఇంగ్లిష్ చాలనుకుంటున్నాం. పెద్దయ్యాక ఎలాగూ విశాఖపట్నమో హైదరాబాదో పంపుతాం కదా. (తండ్రి, గుణుపురం)

జవాబు: ఒడియా వదలకండి. మన సరిహద్దు జిల్లాల్లో ఇంటి చదువులో అందరికన్నా ఎక్కువమంది పడే గుంట ఇదే.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో అర్హతల కింద ఒక పేరా ఉంటుంది. అభ్యర్థికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. దానికి రుజువుగా మిడిల్ స్కూల్ పరీక్షలో ఒడియా భాషగా పాసై ఉండాలి, లేదా మెట్రిక్ ఒడియా మాధ్యమంలో రాసి ఉండాలి, లేదా ఏడో తరగతి గాని, ఆపై తరగతి గాని చివరి పరీక్షలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి. ఇవేవీ లేనివాళ్లు మిడిల్ ఇంగ్లిష్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. బడిలో చదివిన తెలుగు పిల్లవాడికి ఏడో తరగతి మార్కుల కాగితం మీద ఒడియా ఉంటే ఆ పని అక్కడే అయిపోతుంది. ఇంట్లో చదివిన పిల్లవాడు ఒడియా ఎంత బాగా మాట్లాడినా కాగితం ఉండదు. ఇరవై రెండేళ్లకి ఉద్యోగం దరఖాస్తు నింపుతున్నప్పుడు బయటపడుతుంది.

ఆంధ్ర, తెలంగాణల వైపు పంపుతాం అన్నారు. పంపవచ్చు, కానీ అక్కడి లెక్క వేరు. ఇంజనీరింగ్‌లాంటి సీట్లలో 85 శాతం స్థానికులవి. వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లో, నివాసం ఉన్నవాళ్లో స్థానికులు. గుణుపురంలో ఉండి ఇంట్లో చదివినా, బడిలో చదివినా మీవాడు అక్కడ స్థానికేతరుడే. మిగిలిన 15 శాతంలో పోటీ పడడానికీ షరతులున్నాయి. ఇక్కడా అక్కడా పట్టు లేకుండా చేసుకోకండి.

ఇక నేర్పే వరస. ఇంట్లో మాట్లాడే భాషలోనే చదవడం ముందు రావాలి. తెలుగు గడగడా చదివే దాకా, సుమారు ఆర్నెల్లు, రెండో లిపి పట్టుకోవద్దు. తర్వాత ఒడియా. మాట వాడికి వీధిలో వచ్చేసి ఉంటుంది కాబట్టి మిగిలింది లిపే. ఇంగ్లిష్‌ని మొదటి నుంచీ నోటితో నడిపించండి, రాత చివర.

లిపి మారేటప్పుడు తప్పులు ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే తిట్లు తగ్గుతాయి. ఒడియాలో తలకట్టు అకారాన్ని ఒకారంలా పలుకుతారు. జగన్నాథ అని రాసి జొగొన్నాథొ అంటారు. కాబట్టి విన్నది విన్నట్టు రాసే పిల్లవాడు ప్రతి అక్షరానికీ ఓత్వం పెట్టేస్తాడు. మాట మొదట్లో యకారం జకారంలా పలుకుతుంది, యాత్ర కాస్తా జాత్రా. వకారం బకారంలోకి పోతుంది, మన విద్యాలయ వాళ్ల పలుకులో బిద్యాళయొ. ఈ మూడింటికీ రోజుకి పది మాటలు డిక్టేషన్ ఇస్తే రెండు నెలల్లో దారిన పడతాడు.

తిరుగు దారిలో ఇంకో తప్పు. ఒడియా లిపిలో ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు లేవు. ఒ, ఓలకూ అంతే. ముందు ఒడియా నేర్చిన పిల్లలు తెలుగు రాస్తే కోడి కొడి అవుతుంది, చెట్టు చేట్టు అవుతుంది. పలుకు సరిగ్గానే ఉంటుంది, రాతే పొరపాటు. దీర్ఘం ఉన్న మాటా లేని మాటా జంటలుగా రాయించండి. ఒడియా మాధ్యమం లెక్కల పుస్తకాల్లో అంకెలు కూడా ఒడియావే. అందులో నాలుగు అంకె చూడ్డానికి దాదాపు ఇంగ్లిష్ ఎనిమిదిలా ఉంటుంది. లెక్కంతా సరిగ్గా చేసి జవాబు తప్పు వస్తోందంటే ముందు అక్కడ చూడండి.

పుస్తకాలకు వెతుక్కోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పుస్తకాలు ఇప్పుడు ద్విభాషలో ఉన్నాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. మన అవసరానికి ఇంతకన్నా మంచివి లేవు. ఒడిశా పుస్తకాలూ, ఎన్‌సీఈఆర్‌టీవీ దీక్షా యాప్‌లో ఉచితం. ఫోన్లో చదివించకండి, కావలసిన పాఠాలు జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి.

ప్రశ్న: మా అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకి పోతారు. ఎనిమిది చదువుతున్న మనవరాలిని మాన్పించి ఆన్‌లైన్ క్లాసులు పెట్టిస్తామంటున్నారు. బస్సులో రోజూ గంటన్నర పోతోందట. నేను, మా ఇంటావిడా ఇంట్లో ఉంటాం. పిల్లకి నలుగురిలో తిరగడం ఎలా అలవాటవుతుందని నా బెంగ. (ఒక తాతగారు, పర్లాకిమిడి)

జవాబు: నలుగురి సంగతికి దారులున్నాయి. సాయంత్రం ఆట, సంగీతం, లైబ్రరీ, వారానికి రెండు సార్లు తన ఈడు పిల్లలతో కలిసి చదువు, ఇవి కుదిరితే ఆ లోటు పెద్దగా తెలియదు. మాకు బెంగ వేరే చోట ఉంది, పెద్దవారు మీరు, ఏమీ అనుకోరనే రాస్తున్నాం. పదమూడేళ్ల ఆడపిల్ల పగలంతా ఇంట్లో ఉంటే నెమ్మదిగా ఇంటి పని ఆమె మీదికి జారుతుంది. మొదట కుక్కర్ దింపమంటారు, తర్వాత చుట్టాలు వస్తే టీ, ఆ తర్వాత మామ్మగారికి మోకాళ్ల నొప్పి. ఎవరూ చెడ్డగా అనుకుని చేయరు. ఆరు నెలలకి క్లాసు ఫోన్లో నడుస్తూ ఉంటుంది, పిల్ల వంటింట్లో ఉంటుంది. మగపిల్లవాడికి ఇలా జరగదు, గమనించండి.

ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే పెద్ద మనిషి లేని చోట నిలవదు. కోడలిగారికీ అబ్బాయికీ పొద్దున వీలు లేదు కాబట్టి పక్కన కూర్చునేది మీరే. ఎనిమిదో తరగతి బీజగణితం మీరు చెప్పనక్కర్లేదు. ఫలానా వేళకు కూర్చుందా, నిన్నటి లెక్కలు తిరిగి చేసిందా, అంతే. ఆ వేళ పిల్లని ఎవరూ పిలవకూడదని ఇంట్లో గట్టిగా చెప్పాల్సిందీ మీరే. అది జరగదనిపిస్తే బస్సులో పోయే గంటన్నరే నయం. ముందు దగ్గరి బడి చూడండి. ఎనిమిది పూర్తి చేయించడం మాత్రం తప్పనిసరి అనుకోండి, ఆ మార్కుల కాగితం మీద ఒడియా ఉంటుంది. మనవరాలిని కూడా ఒకమాట అడిగారో లేదో ఉత్తరంలో రాయలేదు.

ప్రశ్న: మావాడు రెండేళ్లుగా ఇంట్లోనే చదువుతున్నాడు, పదమూడు నిండాయి. పది పరీక్ష ఎలా రాయించాలి? ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ) సర్టిఫికెట్ చెల్లుతుందా? (జయపురం)

జవాబు: చెల్లుతుంది. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ పేరుతో మొదలైన కేంద్ర సంస్థ అది, సీబీఎస్‌ఈలాగే ఒక బోర్డు. పదికి కనీసం 14 ఏళ్లు, పన్నెండుకి 15. ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా పది కోర్సు చదవగలనని స్వయంగా రాసిచ్చే పత్రం సరిపోతుంది. జనన ధ్రువీకరణ మాత్రం ఉండి తీరాలి. పద్నాలుగు నిండేలోపు చేతిలో ఒక కాగితం ఉండాలనుకుంటే అదే సంస్థలో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది. అందులో ఏ స్థాయి మూడో తరగతికి, బీ అయిదుకి, సీ ఎనిమిదికి సమానం.

పదిలో అయిదు సబ్జెక్టులు. పాసు సర్టిఫికెట్‌కి లెక్కించే ఆ అయిదింటిలో కనీసం ఒక భాష, రెండుకి మించకూడదు. మూడు భాషల మన పిల్లలకు ఇక్కడే ముడి పడుతుంది. పై ఉత్తరంలో చెప్పిన కారణానికి ఇంగ్లిష్, ఒడియా తీసుకోమంటాం. తెలుగు ఇంట్లో ఉండనే ఉంది. మిగతా మూడూ లెక్కలు, సైన్స్, సోషల్ ఉంచండి. "తేలిగ్గా ఉంటుంది" అని లెక్కలు, సైన్స్ వదిలేసి హోమ్ సైన్స్, చిత్రలేఖనం తీసుకున్నవాళ్లు పదకొండులో సైన్స్ గ్రూపు దగ్గర ఆగిపోతున్నారు. పది కోర్సు తెలుగు, ఒడియా మాధ్యమాల్లోనూ దొరుకుతుంది. పన్నెండుకి ఎంపిక కుదించుకుపోతుంది కాబట్టి ఇంగ్లిష్ పదజాలం ముందు నుంచే అలవాటు చేయండి.

పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్. పాసుకి 33 శాతం. ఒకసారి చేరితే అయిదేళ్లు, తొమ్మిది అవకాశాలు. అయిదూ ఒకేసారి రాయక్కర్లేదు, రెండు ఈసారి, మూడు వచ్చేసారి అన్నా పర్లేదు. పిల్లలు ఊపిరి పీల్చుకునేది దీని వల్లే, బద్ధకించేదీ దీని వల్లే. తారీఖు ముందే గోడ మీద రాసి పెట్టండి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది పేరు. మనవాళ్ల ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఒడిశా జనన పత్రంలో ఇంటిపేరు పూర్తిగా వెనకాల ఉంటుంది, బడి రికార్డులో ఒక్కోసారి ఉండనే ఉండదు. మూడింట మూడు రకాలుగా ఉంటే ప్రవేశం తిరిగొస్తుంది, లేదా సర్టిఫికెట్ తప్పుగా వచ్చి పన్నెండేళ్లు వెంటాడుతుంది. దరఖాస్తుకి ఆర్నెల్ల ముందే జనన పత్రం ప్రకారం ఆధార్ సరిచేయించండి. రెండోది అసైన్‌మెంట్లు. టీఎంఏ అనే ఇంటి రాతలకు 20 శాతం మార్కులు. గడువు దాటితే ఆ 20 పోయినట్టే. మూడోది సైన్స్ ప్రాక్టికల్. స్టడీ సెంటర్‌లో చేయించాలి, కాబట్టి సెంటర్ ఎంచుకునేటప్పుడు దగ్గరా దూరమా అనే కాదు, ల్యాబ్ ఉందా అని వెళ్లి కళ్లతో చూడండి. నాలుగోది చెయ్యి. ఇంట్లో చదివిన పిల్లలకు జవాబు తెలుస్తుంది, మూడు గంటలు ఆపకుండా రాసే అలవాటు ఉండదు. పరీక్షకి నాలుగు నెలల ముందు నుంచి వారానికొక పాత పేపరు, గడియారం పెట్టి, పెన్నుతో రాయించండి. మొదటి రెండు వారాలు సగం పేపరుకే చేయి లాగేస్తుంది, అది మామూలే.

పాసయ్యాక మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఒడిశాలో ప్లస్ టూకి శామ్స్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా మిగతావాళ్లలాగే దరఖాస్తు పెట్టవచ్చు. పన్నెండు కూడా ఎన్‌ఐఓఎస్‌లోనే చేసి జేఈఈ రాద్దామనుకుంటే పన్నెండులో అయిదు సబ్జెక్టులూ ఉండాలని గుర్తుంచుకోండి.

మరికొన్ని, క్లుప్తంగా

కదల్లేని పాప, బడికి తీసుకెళ్లలేకపోతున్నాం అని మల్కనగిరి నుంచి రాసిన అమ్మకి: మీ పాప విషయంలో చట్టమే దారి ఇచ్చింది. 2012 సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు కోరవచ్చు. పేరు దగ్గరి ప్రభుత్వ బడిలో ఉంచండి, తీయించవద్దు. సమగ్ర శిక్ష కింద ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది. బ్లాక్ విద్యాధికారి కార్యాలయంలో వైకల్య ధ్రువీకరణ జిరాక్స్‌తో లిఖితంగా అడిగి, మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి.

"ఏడాదిలో పది, ఇంట్లోనే, పరీక్ష కూడా ఇంట్లోనే" అనే బోర్డు ప్రకటన చూశామన్న బరంపురం పాఠకులకి: పరీక్ష కేంద్రం లేని పదో తరగతి లేదు. బోర్డుల మండలి కాబ్సే జాబితాలో ఆ పేరు ఉందేమో చూడండి. లేకపోతే, ఆ సర్టిఫికెట్ ఫోటో తీసి మీరు చేర్చాలనుకునే జూనియర్ కాలేజీ ఆఫీసులో చూపించి, దీని మీద సీటు ఇస్తారా అని ఫీజు కట్టకముందే అడగండి.